మోకాళ్ళ మీద తువ్వాలు

"బువా తో బస్ బెంచ్ పే బైఠతీ థీ నా, ఆంటీ?"

చావింట్లో నన్నడిగిన మాట ఇది. అడిగినవాడు పోయినామె తమ్ముడి కొడుకు. తెలుగు అర్థమవుతుంది గాని వాడి నోట్లోంచి వచ్చేది హిందీయే. టాటానగర్ పక్క బిర్సానగర్‌లో వాళ్ళింటి ముందుగదిలో ఆమెను చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టారు. వీడు ఎక్కణ్ణుంచి తీశాడో మా పాత జట్టు ఫోటో తెచ్చి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. అందులో మేమందరం బంతి చుట్టూ నిలబడి పళ్ళికిలిస్తున్నాం. ఆమె ఒక్కతే పక్కన బెంచీ చివర కూచుని ఉంది, మోకాళ్ళ మీద తువ్వాలు పరుచుకుని. నలుపు తెలుపు ఫోటో కాబట్టి రంగు తెలీదు గాని, అది ఆకుపచ్చ తువ్వాలు. అత్త ఆడేది కాదు కదా, ఊరికే బెంచీ మీద కూచునేది కదా అని వాడి ప్రశ్న. వాడి గొంతులో వెటకారం లేదు పాపం. అయినా నాకు ఒళ్ళు మండింది.

"ఒరే, మీ అత్త ఆ బెంచీ మీద కూకుందంటే అవతల జట్టోల గొంతుల్లో తడారిపోయీది, తెలుసా నీకు?" అన్నాను.

చావింట్లో ఆ గొంతేమిటని మా ఆడపడుచు మోచేత్తో పొడిచింది. పొడిస్తే పొడిచిందిలే. అక్కడ సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. నలుగురిలో పేరు పెట్టి పిలిస్తే తల వంచుకునే మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది కాబట్టి మా శ్రీకాకుళం వైపు అక్కని పిలిచే అలవాటు చొప్పున నేను "అప్పా" అనేదాన్ని. అది విని జట్టులో ఉన్న బెంగాలీ పిల్లలూ, పంజాబీ పిల్లలూ కూడా "అప్పా, అప్పా" అనేవారు. వాళ్ళ నోట వింటే ఆమెకి నవ్వాగేది కాదు.

డెబ్బైల్లో మాట. కాసిడీహ్‌లో మాకో సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. సాయంత్రమైతే ఆడపిల్లలం పది పన్నెండు మందిమి చేరేవాళ్ళం. మాకు ఆట నేర్పినాయన కార్ఖానాలో పని చేసి రిటైరైన బెంగాలీ పెద్దమనిషి. ఆయన్ని దాదా అనేవాళ్ళం. ఎండైనా వానైనా చేతిలో గొడుగుండేది. దాన్ని ఎప్పుడూ విప్పగా చూడలేదు. తప్పు చేసినవాళ్ళ పిక్కల మీద చిన్నగా తట్టడానికే వాడేవాడు.

నా సంగతి ముందే చెప్పేస్తాను. బుట్టలో బంతి వెయ్యడం నా పని. బాగా వేసేదాన్ని, ఎందుకు దాచాలి? అప్పకి ఆ విద్య అస్సలు రాలేదు. బోర్డుకి కొట్టమంటే కోర్టు అవతల చింతచెట్టుకి కొట్టేది. ఒకసారి అలా విసిరితే బంతి దారిన పోతున్న సైకిలాయన పాలక్యాను మీద పడింది. ఆయన తిట్లు లంకించుకుంటే అప్ప చేతులు జోడించి, "మాఫ్ కరో భాయ్, నాకు ఎయ్యడం రాదు, పట్టుకోడమే వచ్చు" అని సగం హిందీలో సగం తెలుగులో చెప్పుకుంది.

పట్టుకోడమంటే మనిషిని పట్టుకోడం. అవతల జట్టులో ఎవరైతే ఎక్కువ బుట్టలు వేస్తారో వాళ్ళకి అడ్డం పడి, వాళ్ళ చేతికి బంతి అందకుండా, అందినా విసరకుండా చెయ్యడం. ఆ పనిలో ఆమెని మించినదాన్ని నేను ఈ వయసు వరకూ చూడలేదు. కత్తిపీట ముందు కూచున్నట్టు మోకాళ్ళు వంచి, అంత కిందకి దిగి, అలాగే అటూ ఇటూ జరిగేది. మేం రెండు నిమిషాలు వంగితే తొడలు పట్టేసేవి. తల్లి పోయాక చిన్నప్పట్నుంచి నేల మీద కూచుని ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి కదా, ఆమెకి అదో లెక్క కాదు. బంతివంక చూసేదే కాదు. అవతలి పిల్ల నడుం వంక చూసేది. ముఖం ఒకవైపు చూపించి, చెయ్యి ఒకవైపు చూపించి మోసం చెయ్యొచ్చు గాని, నడుం తిరిగిన వైపే మనిషి వెళ్తుందని దాదా చెప్పిన పాఠం అది. మాకందరికీ చెప్పాడు. వంటబట్టింది ఒక్కామెకే.

దానికి తోడు ఒక చిత్రమైన అలవాటుండేది. అడ్డం పడుతూనే మాట్లాడేది. మెల్లగా, ఎంతో ప్రేమగా, "ఆజ్ ఘర్ మే క్యా పకా?" అనేది. ఇవాళ మీ ఇంట్లో ఏం వండారని! పక్కింటి గోడ మీంచి అడిగినట్టు అడిగేది. ఎవరికైనా ఏముంటుంది, అలవాటుకొద్దీ "ఆలూ బైంగన్" అని, వంకాయ కూర అయితే వంకాయ కూర, చెప్పేసేవారు. చెప్పేలోపల చేతిలో బంతి ఉండేది కాదు. ఇది గేలి అనుకునేదాన్ని మొదట్లో. కాదు. నిజంగానే తెలుసుకోవాలని ఉండేది ఆమెకి. ఆట అయ్యాక వెతుక్కుంటూ వెళ్ళి, తను అంతసేపూ సతాయించిన పిల్లని కూచోబెట్టి, ఊడిపోయిన జడ మళ్ళీ అల్లి, "బైంగన్‌లో ఆవపిండి ఏస్తారా మీరు?" అని ఆరా తీసేది.

మరి ఇంత పనిమంతురాల్ని మొదట్నుంచీ ఎందుకు ఆడించడు దాదా? ఎప్పుడూ బెంచీ మీదే. ఆట మొదలయ్యేది, మేం ఐదుగురం దిగేవాళ్ళం, ఆమె దాదా పక్కన ఆకుపచ్చ తువ్వాలు మోకాళ్ళ మీద పరుచుకుని, కొంగున కట్టుకొచ్చిన వేయించిన చింతపిక్కలు బుగ్గన పెట్టుకుని కూచునేది. దాదా ఆమెని పేరు పెట్టి పిలిచేవాడు కాదు. సమయం వచ్చినప్పుడు, తన చూపు ఆట మీంచి తిప్పకుండానే, ఎడం చేత్తో ఆమె మోకాళ్ళ మీది తువ్వాలు లాగేసేవాడు. అంతే. చింతపిక్కలు ఉమ్మేసి ఆమె లేచేది.

ఒకసారి నేనే అడిగాను దాదాని. నా మీద ఆయనకి కాస్త మెతకదనం. గొడుగు నేలకి ఆనించి చెప్పాడు. బుట్ట వెయ్యలేని మనిషి కోర్టులో ఉంటే మనం నలుగురితో ఆడుతున్నట్టే, అది ఎక్కువసేపు భరించలేం. రెండోది, మొదటే దింపితే అవతలి పిల్ల ఆమెకి అలవాటు పడిపోతుంది, ఎలా తప్పించుకోవాలో తెలుసుకుంటుంది. ఆ పిల్ల కాళ్ళు బరువెక్కాక, ఇక గెలిచేశాం అనుకున్నాక, అప్పుడు కొత్త కాళ్ళతో ఈమెని దింపాలి. ఇంకోటి, ఇలా ఒంటికి అంటుకుని ఆడేవాళ్ళకి ఫౌళ్ళు తప్పవు. ఐదైతే బయటికే. "ఫౌల్ నమక్ హై బేటీ" అన్నాడు. ఉప్పు కదా, కూర దింపే ముందు చూసి వెయ్యాలట. అన్నిటికీ మించి, ఆమె కూచున్నంతసేపూ ఊరికే కూచోదు, ఆ పిల్లని చదువుతుంది అన్నాడు.

అది నిజం. నీళ్ళు తాగడానికి బెంచీ దగ్గరికెళ్తే గొణుగుతూ వినబడేది. "ఒలే, ఆ గుంట ఎడంపక్కకి ఎల్లదు సూడు. బంతి ఇసిరీ ముందు నాలిక కొరుక్కుంటాది." నాకివేవీ కనబడేవి కావు. నా కంటికి బుట్ట తప్ప ఏదీ ఆనేది కాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా వాళ్ళ నాన్నతో వచ్చింది.

వాళ్ళుండేది టాటానగర్ స్టేషను దగ్గర రైల్వే క్వార్టర్సులో. ఆయన ఇంజను డ్రైవరు. బొగ్గింజన్ల కాలం. ఎప్పుడు డ్యూటీకి వెళ్తాడో ఎప్పుడు వస్తాడో తెలీదు. లోకోషెడ్డు నుంచి సైకిలు మీద కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టి, ఫలానా బండికి రమ్మంటే అన్నం ముద్ద వదిలేసైనా లేవాలి. పేరుకి బాయే గాని ఆ కాల్‌బాయ్‌కి తల నెరిసింది. వాళ్ళ నాన్న బయల్దేరినప్పుడల్లా వాళ్ళింట్లో ఒక పద్ధతి. వెళ్ళేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు కదా, అందుకని అప్ప గుమ్మంలో నిలబడి, చేతికందిన గుడ్డ తీసి, గార్డు పచ్చజెండా ఊపినట్టు ఊపేది. ఆయన వీధి మూల తిరిగేముందు వెనక్కి చూడకుండానే చెయ్యి పైకెత్తేవాడు. బండి కదిలేముందు గార్డూ డ్రైవరూ ఒకరికొకరు చెప్పుకునే ఆల్‌రైట్ అన్నమాట. చిన్నప్పుడు ఆటగా మొదలైంది, తర్వాత అది లేకుండా ఆయన గడప దిగేవాడు కాదు.

కూతురు బాస్కెట్‌బాల్ ఆడుతుందంటే ఆయనకి గొప్ప మురిపెం. కానీ చూసే తీరికేదీ? ఒకసారి మాత్రం సాక్చీ బజారులో ఏదో పనుండి వచ్చి, మా కోర్టు పక్క సైకిలాపి, రెండు నిమిషాలు చూసి వెళ్ళాడు. ఆ రెండు నిమిషాల్లో ఆయన చూసిందేమిటి? ఐదుగురు పిల్లలు చెమటలు కక్కుతూ పరిగెడుతున్నారు. తన కూతురు మాత్రం గొడుగు పట్టుకున్న పెద్దమనిషి పక్కన దర్జాగా కూచుని ఉంది. ఆ పెద్దమనిషి మధ్యమధ్య తలొంచి ఆమెని ఏదో సలహా అడుగుతున్నాడు. రైల్వేలో పుట్టి పెరిగిన బుర్ర ఏమనుకుంటుంది? ఇంజను మీద బొగ్గెయ్యకుండా కూచునేవాడు ఎవడు? ఇనస్పెక్టరు!

"మా గుంట ఆ పిల్లలందరి మీదా ఇనస్పెట్రురా" అని షెడ్డంతా చెప్పుకున్నాడట. ఆ మాట అప్ప చెవిన పడింది. మా అందరి దగ్గరా పొట్ట పట్టుకుని నవ్వింది గాని, ఆ రోజు కోర్టు చుట్టూ నాతో నడుస్తూ ఒక్కసారిగా ఆగి, "నాన్న ఒక్కపాలైనా నాను ఆడగా సూడాలే. ఇనస్పెట్రునని అనుకుంటన్నాడు, నాకు సిగ్గుగా ఉంది" అంది. కళ్ళనిండా నీళ్ళు. ఆమె ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు.

ఆ శీతాకాలం మేం ఫైనల్‌కి వచ్చాం. అవతల గోవింద్‌పూర్ జట్టు. వాళ్ళలో తాడిచెట్టంత పొడుగమ్మాయి ఉంది. కుడిమూలకెళ్ళి నిలబడిందంటే వేసిన బంతి వేసినట్టు బుట్టలో పడేది. ఆట మా కోర్టులోనే. ఆ రోజు అప్ప నాన్నకి విశ్రాంతి. కానీ పిలుపు ఎప్పుడైనా రావచ్చు. అప్ప దాదా దగ్గరికెళ్ళి, తల వంచుకుని, ఈ ఒక్కసారికి మొదట్లోనే దింపమని అడిగింది. దాదా చాలాసేపు గొడుగు పిడి నిమిరాడు. "నహీ బేటీ" అన్నాడు. ఆమె తల ఊపి వచ్చి తువ్వాలు పరుచుకుని కూచుంది. నాకైతే ఆ గొడుగు లాక్కుని విరిచేద్దామనిపించింది.

వాళ్ళ నాన్న వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, గోళ్ళలో మాత్రం బొగ్గు. ఎదుటివైపు మెట్ల మీద ముందు వరసలో కూచున్నాడు. ఆ మహానుభావుడు చేసిన పనేమిటో తెలుసా? వచ్చేముందు కాల్‌బాయ్ ఇంటికెళ్ళి మరీ, "నాను కాసిడీ గ్రౌండు కాడ ఉంటాను, పిలుపొత్తే అక్కడికి రా" అని చెప్పొచ్చాడు. తోటి డ్రైవర్లెవరైనా అయితే ఊళ్ళో లేనని చెప్పించేవారు. ఈయనేమో దొరక్కుండా పోతానేమోనని తనే ఆచూకీ ఇచ్చి వచ్చాడు!

సగం ఆట అయ్యేసరికి మేం వెనకబడ్డాం. పొడుగమ్మాయి కుడిమూల నుంచి వేస్తూనే ఉంది. రెండో సగం మొదలై కొంచెం సేపయ్యాక దాదా టైమవుట్ అడిగాడు. మేం బెంచీ చుట్టూ మూగాం. సరిగ్గా అప్పుడే ఎదుటివైపు మెట్ల దగ్గర సైకిలు ఆగింది. కాల్‌బాయ్. అప్ప నాన్న లేచి నిలబడి, ఒక్క నిమిషం అన్నట్టు అతని భుజం పట్టుకుని బతిమాలుతున్నాడు. అతనూ పాపం తలగోక్కుంటున్నాడు.

దాదా చూశాడు. ఎడం చెయ్యి చాపి అప్ప మోకాళ్ళ మీది తువ్వాలు లాగాడు. అంతవరకూ ఆయన తన లెక్క తప్పి ఎన్నడూ ఆ పని చెయ్యలేదు.

అప్ప లేవలేదు. తువ్వాలు రెండో కొస గట్టిగా పట్టుకుంది.

"అభీ నహీ, దాదా."

"అరే, బాప్ జా రహా హై తేరా!" మీ నాన్న వెళ్ళిపోతున్నాడే అన్నాడు దాదా.

"తెలుసు దాదా. ఆ గుంట ఇంకా అలవనేదు. ఇంకా నాలిక కొరుక్కోకండానే ఏత్తంది. ఇప్పుడు నాను దిగితే మా నాన్న సూత్తాడు, ఆట పోద్ది." తెలుగులోనే అనేసింది. దాదాకి ఏం అర్థమైందో గాని తువ్వాలు వదిలేశాడు.

అప్పుడు ఆమె లేచి బెంచీ ఎక్కి నిలబడింది. ఆకుపచ్చ తువ్వాలు తలమీదికెత్తి, కోర్టు అవతలకి, గుమ్మంలోంచి ఊపినట్టే ఊపింది. జనం వింతగా చూశారు. వాళ్ళ నాన్నకి ముందు అర్థం కాలేదు. నువ్వు ఆడవా అన్నట్టు రెండు చేతులూ తిప్పాడు. ఆమె ఊపుతూనే ఉంది. ఆయన తిరిగాడు. గేటు దాటేముందు, వెనక్కి చూడకుండా, చెయ్యి పైకెత్తాడు. ఆమె దిగి కూచుని తువ్వాలు మళ్ళీ మోకాళ్ళ మీద సర్దుకుంది. నేను కోర్టులోకి వెళ్ళాను గాని కళ్ళకి బుట్ట సరిగ్గా కనబడితే ఒట్టు.

తర్వాత ఎంతసేపటికో, పొడుగమ్మాయి చేతులు నడుం మీద పెట్టుకుని వగర్చడం మొదలెట్టాక, దాదా రెండోసారి తువ్వాలు లాగాడు. ఆ మిగిలిన ఆట ఎలా జరిగిందని వర్ణించను. పొడుగమ్మాయి కుడిమూలకి వెళ్తే అక్కడ అప్ప. మధ్యకి వస్తే అక్కడ అప్ప. "ఘర్ మే కౌన్ పకాతా హై?" అని, ఇంట్లో వంట ఎవరు చేస్తారని అడగడం నా చెవులారా విన్నాను. "మమ్మీ" అంది ఆ పిల్ల ఏడుపు గొంతుతో. ఆ తర్వాత ఆ పిల్ల చేతినుంచి ఒక్క బంతి బుట్టలో పడలేదు. ఆఖరి బుట్ట నేను వేశాను. గెలిచాం. పిల్లలు నన్నెత్తుకుని గిరగిరా తిప్పారు. పైనుంచి చూస్తే బెంచీ దగ్గర అప్ప పొడుగమ్మాయికి జడ అల్లుతోంది.

రెండు మూడు రోజులకి వాళ్ళ నాన్న డ్యూటీ దిగాడని తెలిసి నేను వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాను. పెరట్లో నులకమంచం మీద కూచుని అన్నం తింటున్నాడు.

"గెలిసినారటగా అమ్మా. మా గుంట ఏటి సేసింది?"

నేను నోరు తెరిచేలోపల వంటింట్లోంచి అప్ప గొంతు. "ఏటీ నేదు నాన్నా. కూకున్నాను."

ఆయన ముఖం చిన్నబోయింది. ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఇంకేముంది, నాకు తిక్క రేగింది. "కూకుందా? కూకుందంట! రా అప్పా బయటికి!" అని చెయ్యి పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకొచ్చాను. నా సైకిలుకి బంతి ఎప్పుడూ వేలాడుతుండేది. బొగ్గుల గంప తీసి జామచెట్టు పంగలో ఇరికించాను.

"మావయ్యా, సూడు. నాను గోవిందపూరు పొడుగమ్మాయిని. మీ అమ్మాయి మీ అమ్మాయే."

ఏదో రెండు నిమిషాలు నటిద్దామనుకున్నాను. అప్ప చీరకుచ్చెళ్ళు బొడ్లో దోపి, మోకాళ్ళు వంచింది. అంతే, నాకు దారి మూసుకుపోయింది. ఎడమకెళ్ళాను, కుడికెళ్ళాను, వెనక్కి తిరిగాను. నటన పోయి నిజం కోపం వచ్చింది. ఊరందరిచేతా చప్పట్లు కొట్టించుకున్నదాన్ని, ఒక బొగ్గుల గంపలో బంతి వెయ్యలేకపోతున్నాను!

"మీ ఇంట్లో ఏటి కూర ఇయ్యాల?" అంది అప్ప మెల్లగా.

"సిక్కుడుకాయ" అన్నాను. బంతి ఆమె చేతిలో ఉంది.

ఆయన నవ్వాడు. నవ్వి నవ్వి పొరబోయి దగ్గితే అప్పే పరిగెత్తుకెళ్ళి నెత్తి మీద తట్టింది. నీళ్ళు తాగాడు. ఎంగిలి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇది ఇనస్పెట్రు పని కాదే అమ్మా" అన్నాడు. "ఇది ఎనకింజను పని."

చక్రధర్‌పూర్ దాటాక అడవిలో కొండెక్కే ఘాటు ఉంది. బరువు బండి ఒక్క ఇంజనుతో ఆ ఎత్తు ఎక్కలేదు. కింద వెనకనుంచి ఇంకో ఇంజను తగిలిస్తారు. అది పైదాకా తోసి, విడిపోయి, వెనక్కి దిగిపోతుంది. ఏ స్టేషన్లోనూ దాని కోసం ఎవరూ ఎదురుచూడరు. ఇదంతా ఆయన నాకు చెప్పి, కూతురి వైపు తిరిగి అన్నాడు.

"నాను సానా ఏల్లుగా ఆ ఎనకింజను మీదే సేత్తన్నానే. ఎదరింజను మీద కాదు."

అప్ప నిర్ఘాంతపోయింది. ఆమె ఇన్నాళ్ళూ తన తండ్రి పెద్ద బళ్ళని ముందుండి లాగుతున్నాడనే అనుకుంది. "ఏనాడూ సెప్పనేదేటి నాన్నా?"

"నువ్వు సెప్పినావేటి?"

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. నేను బంతి తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ పెరట్లో నాకిక పని లేదు.

ఇవన్నీ ఆ కుర్రాడికి చావింట్లో ఎలా చెప్పను? చెప్పేలోపే పాడె లేపే వేళయింది. మా ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళం, గడప దగ్గరే ఆగిపోతాం. మగవాళ్ళు భుజానికెత్తుకున్నారు. ఏడుపులు లేచాయి. నాకు ఏడుపు రాలేదు. పక్కన తీగ మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. పచ్చదేం కాదు, గళ్ళది. అది లాక్కుని గుమ్మంలో నిలబడి తలమీదికెత్తి ఊపాను.

"ఏటమ్మా ఇది, మతి గాని పోయిందా?" అంది మా ఆడపడుచు.

వాళ్ళు వీధి మూల తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాను. అటునుంచి చెయ్యి లేవలేదు. లేవదని నాకూ తెలుసు. అయినా మూల తిరిగేదాకా కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాను.